పల్లపులంక తూము కొండెక్కిన వైనం

ఈ కథలో ఆవగింజంత అబద్ధం ఉందని ఎవరైనా నిరూపిస్తే, యాభై ఏళ్లుగా ఆముదం రాసి పెంచుకున్న నా కోర మీసాలను నడిబజార్లో, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా నున్నగా గొరిగించుకుంటాను. ముందే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, విన్నవాళ్లు ఎవరూ మొదటిసారికి నమ్మడం లేదు. రెండోసారికి నమ్ముతున్నారు, ఎందుకంటే ఈలోపు వాళ్ల ఆఫీసుకూ అలాంటి ఉత్తరువే వస్తోంది.

ముక్కాల పట్నానికి ఆరు మైళ్ల దూరంలో, సముద్రానికి ఆనుకుని పల్లపులంక ఉంది. ఆ ఊరి నేలలో ఎత్తయిన చోటు ఏదంటే, రోడ్డు వేసినవాళ్లు మిగిలిపోయిన కంకర పోసి వెళ్లిన గుట్ట ఒక్కటే. మేకలు దానిమీదికెక్కి, పైన నిలబడి, ఊరంతా తమదే అన్నట్టు చూస్తుంటాయి. ఊరి పొలాల్లో నీరంతా మురుగుకాలువలో పడి తూర్పున సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట నాలుగు ఇనుప తలుపుల తూము ఉంది. సముద్రం పోటుమీద ఉంటే తలుపులు దించెయ్యాలి, లేకపోతే ఉప్పునీరు చేలమీదికి ఎగదన్నుతుంది. పోటు తియ్యగానే తలుపులు ఎత్తాలి, లేకపోతే చేలల్లో నీరు బయటికి పోయే దారిలేక వరి మునిగి కుళ్లుతుంది. పద్దెనిమిది వందల ఎకరాల వరి ఆ నాలుగు తలుపుల మీద ఆధారపడి ఉంది. ఆ నాలుగు తలుపులూ వాసంశెట్టి చిట్టెయ్య మీద ఆధారపడి ఉన్నాయి.

చిట్టెయ్య ఆ తూముకు లస్కరు, అంటే తలుపుల కాపలాదారు. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని ఉద్యోగం కూర్చోవడం. అంటే మీరూ నేనూ కూర్చున్నట్టు కాదు. తూము గోడమీద గొంతుక్కూర్చుని నీటివైపు చెవి పెడతాడు. తలుపుల సందుల్లోంచి కారే నీరు బుడబుడమన్నంతసేపు కదలడు. ఆ చప్పుడు సన్నబడి జరజరమనగానే లేస్తాడు. మూరెడు పొడుగున్న ఇనుప హ్యాండిలు తీసి, తలుపు మీది బెజ్జంలో దూర్చి తిప్పుతాడు. ఒక్కో తలుపుకు నూటపది తిప్పులు. ఇన్నేళ్ల అరచేతి ఒరిపిడికి ఆ హ్యాండిలు వెండి కడియంలా తళతళలాడుతుండేది. "నా చెయ్యైనా ఇంతసేపు పట్టుకోలేదు ఈ మారాజు" అని అతని భార్య ఆదెమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుండేది.

ఇలా ఉండగా మురుగుకాలువల పర్యవేక్షణ శాఖకు హఠాత్తుగా జ్ఞానోదయమైంది.

ముక్కాల ఆఫీసులో నలభై ముగ్గురు లస్కర్లనూ వరసగా నిలబెట్టి, తలా ఒక స్మార్ట్‌ఫోన్ చేతిలో పెట్టారు. కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇంజనీరు పురుషోత్తమరావు గారు మైకు ముందుకు వచ్చారు.

"మిత్రులారా! ఇంతకాలం శాఖ మీ మాట నమ్మింది. అది శాఖాపరమైన పొరపాటు. ఇకమీదట మీ ఫోన్ మాట నమ్ముతుంది. ఇందులో 'కర్మసాక్షి' అనే యాప్ ఉంది. మీరు కదిలితే తెలుస్తుంది. తిరిగితే తెలుస్తుంది. ఏ దిక్కుకు చూస్తున్నారో, ఎంత ఎత్తున ఉన్నారో, వెలుగులో ఉన్నారో చీకట్లో ఉన్నారో, ముఖానికి దగ్గరగా ఏముందో, అన్నీ తెలుస్తాయి. అంటే ఈ పరికరానికి ఆరు జ్ఞానేంద్రియాలు. మనిషికి ఐదే. కనుక ఉద్యోగి మాటకూ ఫోన్ మాటకూ తేడా వచ్చినచో, సంఖ్యాధిక్యతను అనుసరించి ఫోన్ మాటయే ప్రామాణికముగా పరిగణించబడును."

అందరూ చప్పట్లు కొట్టారు. చిట్టెయ్య మాత్రం చెయ్యెత్తాడు.

"ఆయ్, నాదొక్క మనవండి. నా పని కూకోడవేనండి. కూకుంటే ఇది ఏవనుకుంటాదండి?"

"కూర్చోవడం పని కాదు," అన్నారు పురుషోత్తమరావు గారు కుర్చీలో కూర్చుంటూ.

వారం తిరక్కుండానే మెమో వచ్చింది. "సదరు లస్కరు గత ఏడు దినములలో దినమునకు సగటున 312 అడుగులు మాత్రమే వేసి, విధి నిర్వహణయందు తీవ్రమైన నిశ్చలత్వమును ప్రదర్శించినట్లు కర్మసాక్షి నివేదించినది. దినమునకు పదివేల అడుగులు ఏల వేయలేదో మూడు రోజులలో సంజాయిషీ దాఖలు చేయవలెను."

చిట్టెయ్య ఆ కాగితం పట్టుకుని ముక్కాల వెళ్లాడు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు హైమావతి గారు ఉంటారు. ఆవిడ తమ్ముడికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. అందుచేత ఆ ఆఫీసు మొత్తానికి ఫోన్ మూత తీసి లోపల ఏముందో చూసిన మనిషి ఆవిడొక్కరే.

"అమ్మా, నే నడిసేనో లేదో దీనికెలా తెలుస్తాదండి? కాళ్లు నావి, ఇదేమో జేబులో ఉంటాది."

"బస్సు బ్రేకేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలతారు గదా చిట్టెయ్యా. దీనిలోపల వెంట్రుకకన్నా సన్నటి స్ప్రింగుల మీద అలాంటి ప్రయాణికుడొకడు నిలబడి ఉంటాడనుకో. ఇసక రేణువంత ఉంటాడు. నువ్వు అడుగేసినప్పుడల్లా వాడు తూలతాడు. వాడు ఎన్నిసార్లు తూలితే నువ్వు అన్ని అడుగులేసినట్టు."

చిట్టెయ్య ఫోన్‌ను చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు.

"అయితే ఆడు తూలితే చాలాండి? నే నడవక్కర్లేదా?"

హైమావతి గారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. "ఆ మాట నేననలేదు."

తూము పక్కనే చిట్టెయ్య క్వార్టరు. పురిటికి వచ్చిన కూతురు శ్రావణి మూణ్ణెల్ల పాపతో అక్కడే ఉంది. దూలానికి చీరతో కట్టిన ఉయ్యాల. చిట్టెయ్య ఫోన్ తెచ్చి ఉయ్యాల చీరకు పైన ముడేసి కట్టాడు. పాప రాగాలు తీసే రకం. ఊపుతున్నంతసేపే ఊరుకునేది. మొదటిరోజు సాయంత్రానికి ఇరవై మూడువేల అడుగులు పడ్డాయి. రెండోరోజు పాపకు కడుపునొప్పి, నలభై ఒక్కవేలు. "అభినందనలు! మీరు ఈ రోజు ముక్కాలకు రెండుసార్లు వెళ్లివచ్చారు" అని ఫోన్ పూలు చల్లింది.

ఇంట్లో మాత్రం కొత్త భయం పట్టుకుంది.

"ఏవే, ఇంకా పడుకునే ఉందేంటే నీ కూతురు?" అనేది ఆదెమ్మ మధ్యాహ్నం పూట వచ్చి. "నాలుగువేలే పడ్డాయంట. లేపు, మీ నాన్న ఉద్యోగం పోద్ది."

"పసిదాన్ని గిల్లి లేపమంటావేంటమ్మా?" అని శ్రావణి పోట్లాడేది.

పాప మాత్రం తాత ఉద్యోగాన్ని చక్కగానే నిలబెట్టింది. చిట్టెయ్య గోడమీద కూర్చుని నీళ్ల చప్పుడు వినేవాడు. ఫోన్ ఉయ్యాల్లో ఊరంతా తిరిగేది.

తరవాత వెలుగు గొడవ వచ్చింది. ఫోన్ నెత్తిమీద వెలుతురు చూసే చిన్న కన్ను ఉంటుంది. మిగతా లస్కర్లంతా ఫోన్ జేబులో పెట్టుకునేవాళ్లు. జేబులో చీకటి. అంచేత నలభై రెండుమంది పగలంతా రాత్రి డ్యూటీ చేస్తున్నారని కర్మసాక్షి తేల్చింది. పగటిపూట రాత్రి డ్యూటీ చేయుట క్రమశిక్షణారాహిత్యమని సర్క్యులర్ వచ్చింది. దాని వెనకే అందరికీ పలచటి ప్లాస్టిక్ జేబులు కుట్టిన చొక్కాలు వచ్చాయి. అవి వేసుకుని లస్కర్లు అద్దాల బీరువాల్లా తిరిగారు. ఒకరోజు మబ్బు పట్టింది. పొద్దున పదకొండూ ఇరవైకి సూర్యాస్తమయమైనట్టు ప్రకటించి, కర్మసాక్షి అందరినీ ఇంటికి పంపేసింది.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం దిక్సూచి దగ్గర మొదలైంది.

కార్తీకంలో పురుషోత్తమరావు గారు స్వయంగా పల్లపులంక తనిఖీకి వచ్చారు. వెంట హైమావతి గారు ఫైలు పట్టుకుని ఉన్నారు. వరి అప్పటికి కంకులు బరువెక్కి ఒకవైపుకు వాలుతోంది. పున్నమి పోట్లు కావడంతో తూము తలుపులు నాలుగూ దించి ఉన్నాయి. పురుషోత్తమరావు గారు తన ఫోన్‌ను తూము గోడమీద, ఆ తళతళలాడే హ్యాండిలు పక్కనే పెట్టి చూసి, ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.

"ఇదేమిటి! రికార్డుల ప్రకారం ఈ కాలువ తూర్పునకు పారవలెను. ఇది ఉత్తరానికి పారుతోంది! ఎంతకాలం నుంచి ఇలా జరుగుతోంది?"

"సముద్రం అటే ఉందండి బాబూ," అన్నాడు చిట్టెయ్య చెయ్యి చూపిస్తూ.

"సముద్రం సంగతి తరువాత విచారిద్దాం."

హైమావతి గారు దగ్గారు. "సార్, భూమి అయస్కాంతపు లాగుడును బట్టి ఇది దిక్కు చెబుతుందండి. పక్కన ఇనుముంటే ఆ ఇనుము లాగుడుకు బోల్తా పడుతుంది. ఆ హ్యాండిలు వల్ల సార్."

పురుషోత్తమరావు గారు హ్యాండిలు వంక నిందితుణ్ణి చూసినట్టు చూశారు. "అంటే ప్రభుత్వ పరికరమును ఇది తప్పుదారి పట్టించుచున్నదన్నమాట."

"తలుపులు కూడా ఇనుమేనండి," అన్నారు హైమావతి గారు మెల్లగా.

"తలుపులు స్థిరాస్తి. హ్యాండిలు చరాస్తి. చరాస్తిని స్వాధీనపరచుకొనండి."

హ్యాండిలును గోనెసంచిలో చుట్టి జీపెక్కించారు. ముక్కాల ఆఫీసు బీరువాలో పెట్టి, తాళం వేసి, లక్క సీలు వేశారు. చిట్టెయ్య జీపు వెనకే వెళ్లాడు.

"మరి తలుపులెలా ఎత్తాలండి?"

"అవసరం ఏర్పడినపుడు దరఖాస్తు చేసుకో. షరతు ఒక్కటే. హ్యాండిలు వాడునపుడు అది కర్మసాక్షి ఫోన్‌కు ఇరవై అడుగుల లోపు ఉండరాదు."

"ఓస్, అంతేనా. ఫోను ఇంటికాడెట్టి తిప్పుకుంటానండి."

"ఉద్యోగి విధి నిర్వహణలో ఫోన్ నుండి ఇరవై అడుగులకు మించి విడిపోరాదు. నిబంధన నాలుగు."

చిట్టెయ్య వేళ్లమీద లెక్క వేశాడు. "అంటేనండి, హ్యాండిలు నా చేతిలో ఉండాల. ఫోను నా ఒంటిమీదుండాల. ఫోనుకీ హ్యాండిలుకీ ఇరవై అడుగులుండాల. అంటే నా చెయ్యి ఇరవై అడుగులుండాలన్నమాట."

"ఆ అంశం వైద్య శాఖ పరిధిలోనికి వచ్చును," అన్నారు పురుషోత్తమరావు గారు.

పదిరోజులపాటు వాన లేదు. పొలాల్లో నీళ్లు లేవు కాబట్టి తలుపులు ఎత్తాల్సిన పనీ పడలేదు. పదకొండో రోజున సముద్రం మీద వాయుగుండం లేచింది. పన్నెండో రోజుకు అది తుఫానైంది.

రెండు పగళ్లు కుంభవృష్టి. మూడోనాటి పొద్దుటికి చేలన్నీ ఒకటే చెరువు. కంకుల కొసలు మాత్రం నీళ్లమీద తేలుతున్నాయి. సముద్రం తూము తలుపులను బయటినుంచి డబడబా బాదుతోంది. చిట్టెయ్య గోనె కప్పుకుని గోడమీద కూర్చున్నాడు. ఆ ఊరి రైతు గంగరాజు నడుములోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు. తొమ్మిదెకరాలు కౌలుకు చేస్తున్నాడు. వానకు కళ్లు చికిలిస్తూ అడిగాడు.

"ఏవంటాది చిట్టెయ్యా నీ సముద్రం?"

"మూడింటికి పోటు తీస్తాది. మళ్లీ తొమ్మిదింటికి ఎక్కుద్ది. ఆ మజ్జిలో తలుపులెత్తితే నీరు లాగేస్తాది. ఎత్తకపోతే రేపటికి గింజ మొలకొచ్చేస్తాది రాజుగారూ."

"మరి ఎత్తు!"

"దేంతో ఎత్తమంటారు? చేతి ఏళ్లతోనా?"

సరిగ్గా అప్పుడు ప్లాస్టిక్ జేబులో ఫోన్ మోగింది. గంగరాజు వంగి చూశాడు. తెరమీద పూలు రాలుతున్నాయి. "అభినందనలు! మీరు 231 మీటర్ల ఎత్తుకు చేరుకున్నారు."

చిట్టెయ్య ముక్కాలకు ఫోన్ చేశాడు.

"బాబుగారూ, చేలు మునిగిపోనాయండి. నీరు మా మెట్టుమీదికొచ్చింది. హ్యాండిలు ఇప్పించండి."

"చిట్టెయ్యా, నీవు కొండమీద ఉన్నావు," అన్నారు పురుషోత్తమరావు గారు ప్రశాంతంగా. "రెండు వందల ముప్పై ఒక్క మీటర్లు. ఇక్కడ తెరమీద స్పష్టంగా కనిపిస్తోంది. అంత ఎత్తుకు వరద రాదు."

"మా ఊళ్లో కొండెక్కడిదండి! కంకర గుట్టుంది, అదీ మునిగిపోనాది. మేకలు మా వంటింట్లో ఉన్నాయండి!"

"నీవొక్కడివే కాదు. నలభై ముగ్గురు లస్కర్లూ కొండలెక్కారు. ఇంతటి ముందుచూపు శాఖలో మునుపెన్నడూ లేదు. నేను పైకి నివేదిక రాస్తున్నాను. అంతరాయం కలిగించకు." ఫోన్ పెట్టేశారు.

చిట్టెయ్య, గంగరాజు ట్రాక్టరు మీద బయల్దేరారు. సీటు కింద గంగరాజు పలుగొకటి పెట్టాడు. ఆరుమైళ్లకు రెండున్నర గంటలు పట్టింది. ముక్కాల చేరేసరికి పన్నెండు దాటింది. ఆఫీసులోనూ మోకాటిలోతు నీళ్లు. పురుషోత్తమరావు గారు బల్లమీద బాసిపట్టు వేసుక్కూర్చుని రాస్తున్నారు. ఆయన చెప్పులు రెండూ గదిలో విడివిడిగా పడవ షికారు చేస్తున్నాయి. పక్కన హైమావతి గారు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మునగబోయే ఫైళ్లను పై అరల్లోకి ఎత్తుతున్నారు.

"సార్, మళ్లీ చెబుతున్నానండి," అంటున్నారావిడ. "ఆ ఫోన్‌లో తప్పెట మీది తోలులాంటి పలచటి పొర ఒకటుంటుంది. పైనున్న గాలి బరువుకు అది లోపలికి నొక్కుకుంటుంది. కొండెక్కితే గాలి బరువు తగ్గి ఆ పొర సడలుతుంది. అది చూసి ఎత్తు లెక్కగడుతుందండి. తుఫాను నెత్తిమీదికొచ్చినా గాలి బరువు తగ్గుతుంది. సడలింది కొండవల్లో తుఫానువల్లో ఆ తోలుకేం తెలుస్తుంది సార్?"

"ఆరు ఇంద్రియములున్న పరికరమునకు తెలియనిది, ఐదున్న మీకెలా తెలిసిందమ్మా?"

"కిందికి చూశానండి. నీళ్లున్నాయి."

పురుషోత్తమరావు గారు కూడా కిందికి చూశారు. తర్వాత తన ఫోన్ చూశారు. 228 మీటర్లు. "ఉన్నతప్రదేశాలలో ఊటలు సహజమే," అని రాత కొనసాగించారు.

గంగరాజుకు ఒళ్లు మండిపోయింది. "చిట్టెయ్యా, ఈ మడిసితో మనకి పనేంటి? పలుగు తెస్తాను. రెండు దెబ్బలకి ఊడిపోద్ది బీరువా."

చిట్టెయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. గడియారం చూశాడు. పన్నెండున్నర. ఇప్పటికిప్పుడు బయల్దేరినా తూము చేరేసరికి మూడవుతుంది. బీరువా పగలగొడితే కేసవుతుంది, హ్యాండిలు సాక్ష్యమని పోలీసు స్టేషనుకు పోతుంది. అక్కణ్ణుంచి అది వచ్చేసరికి మరో పంట చేతికొస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు నీటి చప్పుడు విన్న మనిషి అతను. కిందటి మూణ్ణెల్లుగా మెమోల చప్పుడు కూడా విన్నాడు. ఏ తలుపు ఎటు తిప్పితే లేస్తుందో ఆ నిమిషాన అతనికి తెలిసిపోయింది.

"అమ్మా, ఓ కాయితం మీద రాయండి," అన్నాడు హైమావతి గారితో. "మీ బాసలోనే రాయండి."

అతను చెప్పాడు, ఆవిడ రాశారు. రాస్తున్నంతసేపూ ఆవిడ పెదవి బిగబట్టుకునే ఉన్నారు.

"అయ్యా, ప్రస్తుతము నేను సముద్రమట్టమునకు 231 మీటర్ల ఎత్తున ఉన్నట్లు కర్మసాక్షి ధ్రువీకరించినది. నా ఫోన్ నాతోనే ఉన్నది. కనుక నిబంధన నాలుగు ఉల్లంఘించబడలేదు. హ్యాండిలు వాడవలసిన పల్లపులంక తూము రికార్డుల ప్రకారము 2 మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. కావున సదరు హ్యాండిలుకును, నా ఫోన్‌కును మధ్య 229 మీటర్ల దూరము ఏర్పడుచున్నది. ఇది ఉండవలసిన ఇరవై అడుగుల కంటే మిక్కిలి ఎక్కువ. కనుక హ్యాండిలు తక్షణమే ఇప్పించ ప్రార్థన."

పురుషోత్తమరావు గారు ఆ కాగితం ఒకసారి చదివారు. రెండోసారి చదివారు. ఆయన ముఖం వికసించింది. తన నిబంధనలను ఇంత శ్రద్ధగా చదివినవాణ్ణి ఆయన ఉద్యోగజీవితంలో అదే మొదటిసారి చూడడం.

"భేష్! చాలా క్రమబద్ధంగా ఉంది." కలం తీశారు. కలం కాగితానికి ఆనించి ఆగారు. "ఒక్క సందేహం. నీవు కొండమీద ఉండి, కింద తూము దగ్గర హ్యాండిలు ఎలా తిప్పుతావు?"

హైమావతి గారి చేతిలో ఫైలు జారి నీళ్లలో పడింది.

"ఆ తంటా నే పడతానండి బాబూ," అన్నాడు చిట్టెయ్య చేతులు కట్టుకుని. "కొండపని చేసేనని బత్తెం కూడా అడగనండి."

"ఆ విషయం రాతపూర్వకముగా కావలెను."

అదీ రాయించి ఇచ్చాడు. మూడు ప్రతులు. మూడింటిమీదా సంతకాలు పడ్డాయి. సీలు పగిలింది, బీరువా తెరుచుకుంది. చిట్టెయ్య హ్యాండిలును గోనెసంచిలోంచి తీసి, చొక్కాతో తుడిచి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

మూడుంపావుకు ట్రాక్టరు తూము చేరింది. చిట్టెయ్య గోడమీదికెక్కి చెవి పెట్టాడు. అలల డబడబలు తగ్గి, సందుల్లోంచి జరజర మొదలైంది. హ్యాండిలు బెజ్జంలో దూర్చి తిప్పాడు. మొదటి తలుపు కిందనుంచి ఎర్రనీరు ఏనుగుల మందలా బయటికి దూకింది. గట్టుమీద నిలబడ్డ ఊరివాళ్లు ఒక్కపెట్టున కేక వేశారు. రెండో తలుపు సగానికి వచ్చేసరికి అతని అరచేతులు చితికి నెత్తురోడాయి. అయినా ఆపలేదు. రెండో తలుపూ లేచింది.

మూడో తలుపు దగ్గర కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే గట్టుమీద జీపు ఆగింది. కొండను స్వయంగా పరిశీలించి నివేదికకు జతపరుద్దామని పురుషోత్తమరావు గారు వచ్చారు. చుట్టూ చూశారు. కొండ లేదు. నీళ్లున్నాయి, నీళ్లలో కంకులున్నాయి, గోడమీద నెత్తురంటిన హ్యాండిలుంది. ప్యాంటు మడిచి, బురదలోకి దిగి, గోడెక్కి, ఆ హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నారు. నూటపది తిప్పులూ తిప్పారు. నాలుగో తలుపును మళ్లీ చిట్టెయ్యే లేచి ఎత్తాడు.

పోటు తిరిగి ఎక్కేలోగా చేలు కంకుల మెడదాకా బయటపడ్డాయి. ఇంకో రెండు పోట్లకు గట్లు తేలాయి. పద్దెనిమిది వందల ఎకరాల్లో నూట యాభై ఎకరాలు తప్ప మిగతా అంతా కోతకొచ్చింది. గంగరాజు తొలి బస్తా బియ్యం ఆడించి తెచ్చి ఉయ్యాల కింద దించాడు. "ఇది పాపకి. నీకు కాదు," అన్నాడు చిట్టెయ్యతో.

వారం తరవాత చిట్టెయ్యకు మూడు కాగితాలు కలిపి వచ్చాయి.

మొదటిది మెమో. ఫోన్‌లో ఒంటి తిరుగుళ్లను, ఒరగడాలను పట్టే మరో సూక్ష్మమైన ముక్క ఉంటుంది. హ్యాండిలు తిప్పుతున్నప్పుడు చిట్టెయ్య నడుము వంగి లేచిన తీరు చూసి అది ఒక నిర్ణయానికి వచ్చింది. "తుఫాను సమయమున కొండశిఖరముపై రెండు గంటల పది నిమిషములు ఏకధాటిగా నృత్యము చేసినందులకు సంజాయిషీ."

రెండోది కూడా మెమోయే. తుఫాను తీరం దాటి గాలి బరువు మామూలుకొచ్చింది. "ముందస్తు అనుమతి లేకుండ 231 మీటర్ల కొండను రాత్రికి రాత్రి దిగినందులకు సంజాయిషీ."

మూడోది ప్రశంసాపత్రం. జిల్లాలో అందరికన్నా ఎక్కువ అడుగులు వేసినందుకు. చిట్టెయ్య దాన్ని చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి, దాన్ని సంపాదించిన మనిషి తలకింద దిండుగా పెట్టాడు. ఆ మనిషి అప్పుడు హాయిగా నిద్రపోతోంది. ఆరోజుకు ఆరువందల అడుగులే పడ్డాయి. అయినా ఎవరూ లేపలేదు.

హ్యాండిలు మాత్రం ఈరోజుకీ తూము దగ్గరే ఉంది. దాన్ని తిరిగి తీసుకోవాలంటే, దాన్ని ఏ కొండ లెక్కమీద ఇచ్చారో ఆ ఫైలు మళ్లీ తెరవాలి. తెరిస్తే అసలు కొండ ఎక్కడిదని పైనుంచి అడుగుతారు. అందుకని ఆ ఫైలు జోలికి ఎవరూ పోవడం లేదు. ముక్కాల ఆఫీసు పటంలో ఇప్పటికీ పల్లపులంక పక్కన 231 మీటర్ల కొండ ఉంది. దానికింకా పేరు పెట్టలేదు.

ఇక మొదట్లో నేను చేసిన ప్రతిజ్ఞ సంగతి. చెప్పక తప్పదు, ఇందులో ఒక కల్పన ఉంది. ఉయ్యాల కాదు, ప్లాస్టిక్ జేబులు కాదు, పదకొండూ ఇరవై సూర్యాస్తమయం కాదు. అవన్నీ నేను కల్పించక్కర్లేకుండా శాఖవారే కల్పించి పెట్టారు. పురుషోత్తమరావు గారు బురదలోకి దిగి హ్యాండిలు పట్టుకున్నారన్నానే, అదే ఆ కల్పన. మూడో తలుపు తిప్పింది గంగరాజు. ఆ వేళ పురుషోత్తమరావు గారు ఆఫీసులోనే, ఆ బల్లమీదే ఉన్నారు. నివేదికలో కొండకు నాలుగు వైపులా హద్దులు రాస్తున్నారు. ఆయన సంగతి చెప్పీ చెప్పీ ఆయనమీద నాకే జాలేసింది. ఒక్క అరగంట మనిషిగా ఉండనిద్దామని కిందికి దించాను.

మరి మీసాలు గొరిగించుకోవాలి కదా అంటారా? నిరభ్యంతరంగా. కాకపోతే, నేను పుట్టి బుద్ధెరిగాక నాకు మీసాలన్నవి లేవు. అది రెండో కల్పన.